మోదుగాకు కింద మొసలి

ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజమని మా తుంగభద్ర కాలువ మీద ఒట్టు. ఆ కాలువ మీద దొంగ ఒట్టు వేసినవాడి చివరి మడికి నీళ్లందవని మా వాళ్ల నమ్మకం. నాకున్నదేమో చివరి మడే.

మొన్న వేసవికి నీళ్లు ఆపి కాలువ కట్టేశారు. అడుగున మిగిలిన గుంటల్లో చిరుచేపలు ఎండి, నాచు మగ్గి, ఒండ్రు నెర్రెలు విచ్చి లేచే ఆ వాసన ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు కంపు. నన్ను మాత్రం అది ముక్కు పట్టుకుని నేరుగా పదేళ్ల వయసులోకి లాక్కుపోతుంది. అక్కడొక సొరంగం ఉంది.

మాది గోరేబాళ దగ్గర క్యాంపు. కొత్త కాలువను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా నాన్నలాంటివాళ్లు తుమ్మలు కొట్టి, నల్లరేగడి చదును చేసి వరిమళ్లు కట్టుకున్న చోటు. దోమలు మేకపిల్లల్ని ఎత్తుకుపోయే రోజులవి. నీళ్లు వదిలిన కొత్తలో, గడ్డివాము మీద పడుకున్న మా పెదనాన్న వాముతో సహా కొట్టుకుపోయి, తెల్లారి కింది క్యాంపులో లేచి, గట్టు మీదున్న ఆవిడను కాఫీ అడిగాడు. ఇచ్చింది కూడా.

అలాంటి చోటికి రాయచూరు బజారు నుంచి ఒక శెట్టిగారు వచ్చి కిరాణా కొట్టు పెట్టారు. ఆయన కూతురు భాగ్య నా ఈడుది. రాయచూరు కోట కింద సొరంగాలున్నాయని, వాటిలో దిగినవాడు తిరిగి రాలేదని వాళ్ల అవ్వ చెప్పిందట. ఇక్కడ కోట లేదు కాబట్టి తనే కట్టడం మొదలుపెట్టింది. పూడిక తీసి గట్టున పోసిన ఒండ్రు పలకలా నున్నగా ఆరగానే, తుమ్మముల్లుతో దాని మీద గదులూ దారులూ గీసి, ఒక్కో గదినీ ఒక్కో మోదుగాకుతో కప్పేది. ఆడేవాడి కాయ ఆ గదికి చేరాకే ఆకు లేపి, లోపల ఏముందో చెప్పేది. చీల్చిన చింతపిక్కలు వేసి, తెల్లవైపు ఎన్ని పడితే అంత బలం. పిక్కలు కలిసిరాకపోతే తెలివిగా జవాబు చెప్పి దాటొచ్చు. లోపలికి వెళ్లడానికి సుంకం, మా అమ్మ జాడీలోంచి ఒక ఆవకాయ ముక్క. జొన్నరొట్టెలో దాన్ని నంజుకుంటూ, నూనె వేళ్లతోనే ఆకులు లేపేది.

మొత్తం దాటి బయటపడ్డవాడికే తరవాతి సొరంగం కట్టే హక్కు. నాకు కావలసింది అదే. నా సొరంగం నా బుర్రలో తయారై ఉంది: నిప్పులు కక్కే దున్నపోతు, తల కిందికి వేలాడే లెక్కల మాస్టారు, అన్నీ. దాన్ని ఒండ్రు మీదికి దించకుండా చావకూడదని నిశ్చయించుకున్నాను.

నా కాయ ఒక గచ్చకాయ. బండకు రుద్ది ఎందరి చేతులో కాల్చిన వీరుడది. ఆ శీతాకాలమంతా దాన్ని నడిపాను. జొన్నలు విసిరే రాక్షసితో కలిసి తిరగలి తిప్పాను. నిజాం సిపాయి దయ్యం బీడీ అడిగితే, మా తాత చుట్ట ఇచ్చి మరీ దాటాను. చిట్టచివరి ఆకు లేపింది భాగ్య. గదినిండా అలలు గీసి ఉన్నాయి, మధ్యన మొసలి.

"ఈడ పిక్కలు పనిజెయ్యవు. పడవ లేదు, ఈత లేదు. ఎట్ల పోతవో చెప్పు."

"ఆ నీళ్లెక్కడివే?"

"మీ కాల్వయే. అండ్లకెంచే వస్తున్నయి."

చుట్టూ మూగిన క్యాంపు పిల్లలంతా ముందుకు వంగారు. నేను గచ్చకాయ పక్కన బాసింపట్టు వేసుకున్నాను.

"అయితే నేనిక్కడే గట్టుమీద కూచుంటా. వేసవిలో కాలవ కట్టేత్తారుగా, అప్పుడు నడిచెళ్లిపోతా."

భాగ్య మొసలి మీద ఆకు కప్పేసింది. గచ్చకాయ తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆ గట్టుకు సిమెంటు వేశారు. ముల్లు దిగదు. మోదుగ చెట్లున్న చోట రైసుమిల్లు ఉంది. పూడికను యంత్రం ఎత్తి లారీలో పోస్తుంది.

ఒట్టు వేశాను కాబట్టి, చివరి మడి కోసమైనా ఒక సంగతి ఒప్పుకోవాలి. దోమలూ పెదనాన్నా నిజమే. ఆ జవాబే కల్పితం. ఆ రోజు నాకేమీ తట్టలేదు. చీకటి పడేదాకా మొసలిని చూస్తూ కూర్చుని ఇంటికి పోయాను. కాలువ కట్టేసేలోపే శెట్టిగారు కొట్టెత్తేసి రాయచూరు వెళ్లిపోయారు. నా గచ్చకాయ ఆ గదిలోనే ఉండిపోయింది, నేను ఏ సొరంగమూ కట్టలేదు. ఆ జవాబు మొన్న కాలువ వాసన తగిలినప్పుడు తట్టింది. మర్నాడే బస్సెక్కాను.

రాయచూరు బజారులో ఇప్పుడు కొట్టు భాగ్యదే. గల్లా ముందు నిలబడి జవాబు చెప్పాను. ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. గల్లాపెట్టె అడుగు నుంచి నా గచ్చకాయ తీసింది. చెయ్యి చాపాను.

"ఆగయ్యా. నీళ్లున్నన్ని దినాలు మొసలి చాపలు తింటుండె. నీళ్లు ఎండినంక ఏం తింటది? ఎదురుంగ నువ్వే కూసుంటివి."

గచ్చకాయ మళ్లీ పెట్టెలో వేసి మూత వేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. గోరేబాళ దాకా మొసలి గురించే ఆలోచించాను. ఇంకా ఆలోచిస్తున్నాను.