హెబ్బగోడిలో ఆరని రాళ్ల బాట

గురువారం ఉదయం ఆరు గంటలకు తాడిపత్రిలో బస్సెక్కాను. బెంగళూరు పక్కనున్న హెబ్బగోడిలో మా పెద్దమ్మ సలోమి వెళ్లే చర్చికి గేటు నుంచి గుమ్మం దాకా ఒట్టి బురద. చక్రాల కుర్చీలో ఉన్న ఆమెను ప్రతి ఆదివారం నలుగురు కుర్చీతో సహా ఎత్తుకెళ్తారు. "ముప్పై ఏండ్లు నర్సుగా మందిని మోసినా. ఇప్పుడు నన్ను మూట మోసినట్టు మోస్తాండారు. ఇంక చర్చికి పోనప్పా" అని ఫోనులో ఏడ్చింది. రాళ్లు ముందే లారీలో పంపించాను. ఆదివారానికి బాట వేసిస్తానని మాటిచ్చాను. ఇరవై ఏళ్లుగా మేస్త్రీని, ఇది నాకో లెక్కా అనుకున్నాను.

అనంతపురంలో బస్సు మారి ఒంటిగంటన్నరకు బెంగళూరు మెజెస్టిక్‌లో దిగాను. తుఫాను మబ్బు పట్టి మధ్యాహ్నమే చలి వణికిస్తోంది. బళేపేట దాకా నడిచి రబ్బరు సుత్తి కొన్నాను. కొట్టాయన తెలుగాయనే. "ఈ చలికి సిమెంటు తొందరగా బిగుసుకోదప్పా. నీళ్లు చూసి పోసుకో" అన్నాడు. సుత్తులమ్మేవాడు నాకు పని నేర్పుతాడా అని లోలోపల నవ్వుకున్నాను. సిటీ బస్సులో నిలబడే వెళ్లి నాలుగింటికి హెబ్బగోడి చేరాను.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి నాపరాయి పరిచి, సందులన్నీ సిమెంటు మాలుతో నింపాను. ఆరింటికి, మా ఊరి ఎండల్లో ఎప్పుడూ చేసినట్టే, బిందెలతో నీళ్లు పోసి తడి గోనెపట్టాలు కప్పాను. అక్కడైతే తెల్లారేసరికి బండి తోలినా కదలదు.

శనివారం ఏడింటికి టీ తాగుతుంటే పెద్దమ్మ కుర్చీ తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసింది. పట్టాలు తీయమంది. గర్వంగా తీశాను. మూడో రాయి ఆమె కింద తూగింది. కుర్చీ ఒరిగిపోయింది. గ్లాసు వదిలేసి పట్టుకున్నాను. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఆమె తల, పక్కనున్న రాళ్ల కుప్పకు తగిలేది. సందులో వేలు పెడితే మాలు పెరుగులా ఉంది.

ఆమె కూడా వేలు పెట్టి చూసింది. "కుట్లు వేసిన మర్నాడే పేషెంటును ఉరికిస్తారా ఎవరైనా? ఎన్ని దినాలు కావాల?"

"రేపటికి కాదు పెద్దమ్మా."

"అట్లయితే రేపు నేను రాను. మళ్లా మోయించుకోను."

రాళ్లన్నీ ఎత్తి, మాలు గట్టిగా కలిపి మళ్లీ పరిచాను. ఈసారి పొడి పట్టాలు కప్పాను. ఆదివారం గేటు దగ్గర కాపలా నిలబడి అందరినీ బురదలోంచే పంపించాను. పెద్దమ్మ రాలేదు. లోపల పాటలు వినబడుతుంటే తలెత్తలేకపోయాను.

ఐదు రోజులు ఆరనిచ్చాక, గురువారం పదింటికి ఆమె వచ్చింది. ఒక్క రాయీ కదల్లేదు. చూడ్డానికి వచ్చిన ఆ మోసే నలుగురూ అలవాటుగా చేతులు చాచి పక్కనే నడిచారు. "చేతులు జేబుల్లో పెట్టుకోండప్పా, చలి ఉండాది" అని తనే తోసుకుంటూ గుమ్మం చేరింది.

మధ్యాహ్నం తిరుగు బస్సెక్కాను. రాయి మా ఊరిదే, చెయ్యి నాదే, చలి మాత్రం నాకు తెలియనిది. ఆ ఊరికి పనికి వెళ్లేవాళ్లు సుత్తులమ్మేవాడి మాటైనా వినండి. చిక్కబళ్లాపురం దాటాక ఎండ తగిలింది. పక్క సీటు పెద్దాయన "బెంగళూరికి ఏం పని మీద పోయినావప్పా?" అని అడిగాడు.

బాట వేయడానికి అని చెప్పబోయాను.

"మా పెద్దమ్మను పడేయబోయినా" అన్నాను.