ఒళ్ళో పట్టే పుస్తకం, జేబులో పట్టే పుస్తకం

నా లైబ్రరీ కబుర్లు అడిగావుగా, రాసుకోవే స్వాతీ. తొంభైల చివర్లో నన్ను నరసాపురం దగ్గర ఒక ఊరి శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. గ్రేడ్ త్రీ లైబ్రేరియన్ని. గ్రేడ్ త్రీ అంటే ఆ గదికి అధికారినీ నేనే, పొద్దున్నే తాళం తీసి ఊడ్చేదాన్నీ నేనే.

మరుసటి వేసవిలో జిల్లా ఆఫీసు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అన్నీ కొత్త నవలలే, కానీ అరచేతిలో ఇమిడేంత చిన్నవి. కాయితం పల్చన, అక్షరం సన్నం. అప్పటిదాకా మేం కొన్నవి డెమీ సైజు, అంటే ఒళ్ళో పెట్టుకుని చదువుకునే మామూలు పుస్తకాలు. చిన్నవాటికి ధర తక్కువ, బీరువా అరలో రెండు వరసలు పడతాయి. పాఠకులు ఏమంటున్నారో దసరా లోపు చెప్పమన్నారు. బాగున్నాయంటే ఇకమీదట నవలలన్నీ ఆ సైజులోనే కొంటారట.

కొత్త పుస్తకం వస్తే ముందు స్టాక్ రిజిస్టర్లో ఎక్కించాలి, తర్వాత లోపల అక్కడక్కడా గ్రంథాలయం ముద్ర కొట్టాలి. మా రబ్బరు స్టాంపేమో పెద్ద పుస్తకాల కోసం చేయించినది. చిన్న పేజీ మీద కొడితే సగం కథ ఊదా సిరాలో మునిగిపోయింది. మొట్టమొదటి స్పందన దాని గురించే. పంటు మీద రోజూ గోదావరి దాటి ఉద్యోగానికి వెళ్ళే ఒకాయన వచ్చి నిలదీశాడు.

“ఆ అమ్మాయి తలుపు తీసిందా లేదా మేడమ్ గారూ? మీ ముద్ర కింద ఉండిపోయిందండి!”

ఆ పేజీ వెలుతురుకి ఎత్తిపట్టి, ఇద్దరం కలిసి చదివాం. తీసింది. అప్పట్నించి ముద్ర అట్ట లోపలే కొట్టాను.

ముద్ర సంగతి పక్కనపెడితే, పంటు జనానికి ఆ పుస్తకాలు ప్రాణం అయిపోయాయి. చొక్కా జేబులో పడుతుంది, నిలబడి ఒంటిచేత్తో చదువుకోవచ్చు. ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు గారొకరు “ఇది పుస్తకమా అమ్మా, నశ్యం డబ్బీయా?” అని వెక్కిరించి, వారం తిరక్కుండా రెండు పట్టుకెళ్ళారు. ఇష్యూ రిజిస్టరు చూసుకుని నేనూ సంతోషపడ్డాను.

ఇలా ఉండగా మంగతాయారు వచ్చింది.

ఈవిడ గురించి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మధ్యాహ్నాలు ఒక అరుగు మీద చేరి లేసు అల్లుతారు. చేతులకి పని, చెవులకి ఖాళీ. అందుకని మంగతాయారు వాళ్ళకి నవల చదివి వినిపించేది. ఆవిడ వేళ్ళు కీళ్ళవాతంతో బిగుసుకుపోయి సూది పట్టలేదు. కథ విన్నందుకు తలా ఒక లేసు పువ్వు ఆవిడ పేరున అల్లి పెట్టేవారు. లేసు కొనే ఏజెంటు ఆ పువ్వులకిచ్చే డబ్బే ఆవిడ సంపాదన. చదవడం పోతే అదీ పోతుంది.

“ఏంటండీ ఇవి, చీమలు పాకినట్టున్నాయి? ఇదివరకటి లాంటిది ఇవ్వండి” అంది.

కొత్త నవలలు ఆ సైజులోనే ఉన్నాయి, పెద్దవన్నీ ఆ అరుగు మీద ఎప్పుడో అయిపోయాయి. చివరికి చిన్నదే తీసుకెళ్ళింది. రెండు వారాలకి కబురు తెలిసింది: ఆవిడ బదులు లక్ష్మి అనే కొత్త కోడలు చదువుతోందట. పువ్వులూ ఆ అమ్మాయికే వెళ్తున్నాయి. కళ్ళజోడు మార్చుకుంటే సరిపోతుంది కదా అనుకుని, ఆ మాట చెబుదామని అరుగు దగ్గరికి వెళ్ళాను.

వెళ్ళేసరికి అక్కడ గొడవ. అల్లినవి మూలలు తప్పాయని లేసు ఏజెంటు తిప్పి పంపేశాడు.

“నువ్వు రైలు తోలినట్టు చదివితే మేం ఎక్కడ లెక్కపెట్టుకునేదే?” అని ఒకావిడ లక్ష్మిని దులిపేస్తోంది.

“నన్నంటారేంటి అత్తా? పుస్తకం ముక్కు ముందు పెట్టుకుంటే మీ చేతులు నాకెలా కనపడతాయి?” అంది లక్ష్మి.

నాకు అప్పుడు వెలిగింది. లేసులో మూల తిరిగేటప్పుడు గొలుసు కుట్లు లెక్కపెట్టుకోవాలి, అప్పుడు చెవిలో మాట పడకూడదు. మంగతాయారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, దాని మీదుగా వాళ్ళ చేతులు చూస్తూ చదివేది. ఎవరైనా మూలకొచ్చారంటే ఆగేది. చిన్న పుస్తకం కళ్ళ దగ్గరికి ఎత్తుకుంటే ఎదురుగా ఉన్న చేతులు కనపడవు. జోడు మార్చినా అంతే. పక్క ఊరి శాఖ నుంచి ఒక పెద్ద నవల అడిగి తెచ్చిచ్చాను. మంగతాయారు మళ్ళీ చదివింది. మూలలు కుదిరాయి.

దసరా ముందు జిల్లా అధికారి తనిఖీకి వచ్చారు. రిజిస్టరు తిరగేసి, “చిన్నవే గెలిచాయి కదండీ, ఇంక ఆలోచించేదేముంది?” అన్నారు.

“సార్, రిజిస్టర్లో మంగతాయారు ఒక్క పాఠకురాలు. అరుగు మీద వినేవాళ్ళు అరుగంతా ఉన్నారు” అన్నాను.

నమ్మలేదు. తీసుకెళ్ళి చూపించాను. ఆయన నోరు తెరవబోతుంటే మంగతాయారు తలెత్తకుండానే, “కూర్చోండి బాబూ, ఆవిడ మూల తిరుగుతోంది” అంది. కూర్చున్నారు. ప్రకరణం అయ్యేదాకా కదల్లేదు. జీపెక్కుతూ, ఆ నవల్లో తమ్ముడు ఇంటికి తిరిగొస్తాడా అని నన్నడిగారు. తెలీదు సార్, రేపు చదువుతారన్నాను.

ఆ ఏడు ఆర్డరులో రెండు సైజులూ వచ్చాయి. ఏ నవల ఏ సైజులో కావాలో గుర్తు పెట్టే పని నాకు అప్పగించారు. పువ్వులు మంగతాయారుకి తిరిగొచ్చాయి. కొత్తగా వచ్చిన చిన్న పుస్తకాల్లో మొదటిది లక్ష్మే అడిగి తీసుకుంది, పుట్టింటికి వెళ్ళేటప్పుడు పంటు మీద చదువుకోడానికి.

పుస్తకం బాగుందా అని అడిగితే పాఠకులు కథ గురించే చెబుతారు. అందుకని రిటైరయ్యేదాకా, కొత్త సైజు ఏది వచ్చినా, నేను ముందు అడిగింది ఒకటే: ఎక్కడ కూర్చుని చదువుతారు, ఎదురుగా ఎవరుంటారు?