లుంగీతో మూడో అంతస్తుకి

ఆ రోజుల్లో న్యూయార్క్‌లో చలికాలం ఓ పట్టాన వదిలేది కాదు. క్యాలెండర్‌లో ఏప్రిల్ వచ్చినా జనం మెడలకి మఫ్లర్లు చుట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా పరుగులు తీసేవాళ్ళు. ఎనభైల మొదట్లో మాట. బ్రూక్లిన్‌లో, వేలువిడిచిన మేనమామ కొడుకైన బావ అద్దెకుంటున్న మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో, ఆయన సోఫా మీద పడుకుంటూ చదువు పూర్తిచేశాను. పక్క వాటాలో ఎవరుంటారో కూడా నాకు తెలియదు. వీసా గడువు దగ్గరపడుతోంది. ఇంటర్వ్యూ చేసిన ఒకే ఒక్క కంపెనీ వాళ్ళు ఆ పొద్దున ఫోన్ చేస్తామన్నారు. "ఒరేయ్, ఫోన్ దగ్గర్నుంచి కదిలావో, నీ పెట్టె నేనే సర్దుతాను. వాళ్ళు రెండోసారి కాల్ చెయ్యరు," అని చెప్పి బావ ఆఫీస్‌కి వెళ్ళిపోయాడు.

ఆ రోజే ఎండ విరగకాసింది. మామూలు ఎండ కాదు, మా బెజవాడ ఎండకి చుట్టమేమో అనిపించింది. బయట అలా ఉంటే, ఇంటివాళ్ళు ఆపడం మర్చిపోయిన హీటర్ లోపల బుసలు కొడుతోంది. కోటు సంగతి దేవుడెరుగు, చొక్కా కూడా భరించలేక లుంగీ, బనీనుకి దిగిపోయి, వీధివైపు కిటికీ పైకెత్తాను. అంతవరకు బాగానే ఉంది. రాత్రి వండిన చేపల తాలూకు చెత్తసంచి మాత్రం ఆ వేడికి తన ఉనికి చాటుకోవడం మొదలుపెట్టింది. ఒక్క నిమిషమే కదా, గుమ్మం అవతల పెట్టొద్దామని అడుగు బయటపెట్టాను. కిటికీలోంచి దూసుకొచ్చిన గాలికి తలుపు నా వెనక ఢామ్మని మూసుకుని, దానంతటదే తాళం పడిపోయింది. తాళంచెవి లోపల, నేను బయట, చేతిలో చేపముళ్ళు.

కింద బిల్డింగ్ చూసుకునే ఆయన దగ్గర ఇంకో తాళంచెవి ఉంటుందని పరుగెత్తాను. ఆయన తలుపుకి 'బీచ్‌కి వెళ్ళాను' అని అట్టముక్క వేలాడుతోంది. చెత్తసంచిని డబ్బాలో పడేసి వీధిలోకి వస్తే, అది మా వీధే కాదనిపించింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నారో ఇంతమంది! బళ్ళకీ ఆఫీసులకీ ఎగనామం పెట్టి అందరూ రోడ్డు మీదే ఉన్నారు. ఎవరో రోడ్డు పక్కన ఫైరింజన్లు నీళ్ళు పట్టుకునే పంపు విప్పేశారు. పిల్లలు ఆ ధారలో గంతులేస్తున్నారు. మెట్ల మీద ఒకాయన పళ్ళెమంత పుచ్చకాయ ముక్క తింటున్నాడు. (అంతటి భారీ మనిషిని నేనింతవరకు చూడలేదు. అప్పటికప్పుడే భీముడని పేరు పెట్టేసుకున్నాను.) ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నైస్ స్కర్ట్, మ్యాన్!" అన్నాడు.

"లుంగీ, సర్," అన్నాను, పరువు కాపాడుకుంటూ.

అప్పుడే పైన మా కిటికీలోంచి ఫోన్ మోగడం వినిపించింది. "అది నా ఉద్యోగం! నా ఫోన్! తలుపు!" అని వచ్చిన ముక్కలన్నీ కలిపి అరిచాను. భీముడు పుచ్చకాయ పక్కన పెట్టి, నన్ను చంటిపిల్లాడిలా ఎత్తి, మంటలొస్తే దిగడానికి బిల్డింగ్‌కి బిగించిన ఇనుపమెట్లకి అందించాడు. లుంగీని గోచీ బిగించి ఎక్కడం మొదలుపెట్టాను. రెండో అంతస్తులో ఒక ముసలావిడ ఆ మెట్ల మీదే కుర్చీ వేసుకుని, బక్కెట్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. "నా మొక్కల మీద కాలేశావంటే ఊరుకోను. ఊఁ, త్వరగా వెళ్ళు నాయనా!" అని కాళ్ళు పక్కకి తీసింది. కింద వీధి వీధంతా "గో! గో!" అని అరుస్తోంది. కిటికీలోంచి తలకిందులుగా లోపలికి పడి, పాక్కుంటూ వెళ్ళి ఫోన్ అందుకున్నాను. బయట ఈలలు, చప్పట్లు.

"ఏమిటా గోల?" అన్నాడు అవతల మేనేజర్.

అబద్ధం అల్లడానికి ఊపిరి చాలక ఉన్నదున్నట్టు చెప్పేశాను, గోచీతో సహా. అవతల ఫోన్ బల్ల మీద పెట్టేసిన చప్పుడైంది. అయిపోయింది, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన నవ్వు ఆపుకోలేక ఫోన్ పక్కన పెట్టాడట. "పొద్దుట్నుంచి ఇంటర్వ్యూకొచ్చిన అందరికీ ఫోన్ చేస్తున్నాను. ఈ ఎండకి ఇంట్లో ఉండి ఫోనెత్తినవాడు ఒక్కడూ లేడు. నువ్వూ ఇంట్లో లేవు, కానీ ఎత్తావు. సోమవారం వచ్చి చేరు. ప్యాంటు వేసుకుని రా."

కిటికీలోంచి తల బయటపెట్టి, "వచ్చేసింది!" అన్నాను. ముసలావిడ దేవుడికి దణ్ణం పెట్టింది. భీముడు నాకూ ఓ పుచ్చకాయ ముక్క కోసి ఉంచాడు. నేను లుంగీతోనే దిగి (ఈసారి తాళంచెవి మొలలో దోపుకుని), చీకటిపడేదాకా వాళ్ళమధ్యే కూర్చున్నాను. సాయంత్రం బావ వస్తూనే, "కదల్లేదు కదా?" అన్నాడు.

"అస్సలు కదల్లేదు, బావా. ఉద్యోగం వచ్చింది."

"మరి కింద ఆ లావుపాటాయన నన్ను ఆపి, మీ తమ్ముడు సర్కస్‌లో చేస్తాడా అని అడిగాడేంట్రా?" అంటూనే నన్ను కావలించుకున్నాడు.

రెండ్రోజులకి మళ్ళీ చలి తిరిగొచ్చింది. మఫ్లర్లూ వచ్చాయి. అయినా ఆ తర్వాత మెట్ల మీద ఎదురుపడితే ముసలావిడ నా బుగ్గ గిల్లకుండా వదిలేది కాదు. ఇప్పుడు న్యూజెర్సీలో సొంత ఇల్లుంది. మీట నొక్కితే గరాజ్ తలుపు దానంతటదే లేస్తుంది. కారుతో సహా లోపలికి వెళ్ళిపోతాను, ఎవరూ చూడరు. మోకాళ్ళ నొప్పులతో ఆ కారు దిగేటప్పుడు ఒక్కోసారి గోచీ బిగించిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఇంట్లోకి వెళ్ళినందుకు ఒక వీధంతా చప్పట్లు కొట్టిన మనిషి వాడు.