ఎల్లక్క పాతిన గుడ్డ

మా మామగారు వెంకటరత్నం మాటలతో ఎవరినైనా బుట్టలో వేసుకోగలరు. తుంగభద్ర కాలవ నీళ్ళ కోసం కృష్ణా జిల్లా నుంచి బళ్ళారి పక్క సిరిగేరి దగ్గరికి వచ్చి క్యాంపు వేసుకున్న కుటుంబాల్లో మాది ఒకటి. నేను అప్పటికి కొత్త కోడలిని. పేరు సరోజినీదేవి. ఎనిమిదో తరగతి చదివానని మా అత్తగారు అందరికీ చెప్పుకునేది.

ఎల్లక్కది సిరిగేరే. భర్త పోయాక రెండెకరాల నల్లరేగడిని ఒంటి చేత్తో చేసుకునేది. జొన్న, పత్తి, నడుమ ఒక సాలు కంది. వాళ్ళింట్లో ఒక ఆచారం ఉండేది. తొలకరి పడగానే పాత నూలుచీర నుంచి మూరెడు గుడ్డ చింపి, చేను మూల జానెడు లోతున పాతిపెట్టేవాళ్ళు. నలభై రోజులకు తవ్వి చూస్తే దారాలు తప్ప ఏమీ మిగలకూడదు. గుడ్డ మిగిలిందా, ఆ ఏడు విత్తనం లేదు. చేను బీడు వదిలేసి, ఎరువు కోసం గొర్రెలమంద కట్టించడమే.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"తినేవోళ్ళు ఉండారో లేదో చూసుకోవల్ల గదమ్మా. ఎర్రలు, చెదలు, పేడపురుగులు. వాళ్ళు తిన్నాకే మనకు. వాళ్ళు లేకుంటే మన్ను ఊరికే మన్నే."

కాలవ వచ్చింది. చేను చదును చేసి గట్లు వేయడానికి ఎల్లక్కకు ఎద్దులూ లేవు, మనుషులూ లేరు. మామగారు ఐదేళ్ళ కౌలుకు అడిగారు. ఆమె కాగితం అడగలేదు. చేను గట్టు మీద, ఊరిపెద్ద పంపాపతి ముందర ఒక్క మాట అడిగింది. మజ్జిగ చెంబుతో నేనూ అక్కడే ఉన్నాను.

"ఐదేండ్లయినాక నేను గుడ్డ పాతుతా. మునుపటి మాదిరే తినల్ల. తినకుంటే ఏం జేస్తావప్పా?"

"తినకపోతే నా పొలంలో మంచి రెండెకరాలు నీవే అక్కా. భూమి మీద ఒట్టు!" అన్నారు మామగారు. వంగి గుప్పెడు మట్టి తీసి కళ్ళకద్దుకున్నారు. అక్కా అని ఎంత ముద్దుగా పిలిచారో, సొంత తమ్ముడైనా అలా పిలవడు.

నీళ్ళు పెట్టారు. ఏడాదికి రెండు పంటలు వరి. మొదటి కోత చూసి ఎల్లక్క కూడా మురిసిపోయింది. తన చేలోనే కూలికి వచ్చి నాట్లు వేసేది. రెండో ఏడు పైరుకు పురుగు పడింది. బళ్ళారి నుంచి తెల్లపొడి సంచులు దిగాయి. పొద్దున్నే కొట్టం దగ్గర నేను చేటతో పోస్తే, ఎల్లక్క ఒడిలో పట్టుకుని వెళ్ళి చేతులతో చల్లేది. చెదలు చచ్చేందుకు గట్ల మీద కూడా చల్లించారు, ఎందుకో ఎల్లక్కకు చెప్పకుండా. సంచి మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఒకరోజు ఆమె వాటి మీద వేలు పెట్టింది.

"ఈడ ఏం రాసుండాదమ్మా?"

విషం అని రాసి ఉంది. నేను చదివాను. మామగారు వరండాలో కూర్చుని మావైపే చూస్తున్నారు.

"పంటకు బలమని రాశారు ఎల్లక్కా," అన్నాను.

ఆమె తలాడించి ఒడి పట్టింది.

ఆ తర్వాత నాగలి వెనక కొంగలు రావడం మానేశాయి. వానకు నేలంతా ఎర్రగా పాకే ఆరుద్ర పురుగులు ఆ చేను చుట్టుపక్కల కనబడలేదు. నాలుగో ఏడు దున్నుతుంటే కిందటి పంట కొయ్యకాళ్ళే కాదు, అంతకుముందు పంటవి కూడా కుళ్ళకుండా నల్లగా పైకి తేలాయి. నీళ్ళు నిలిచీ నిలిచీ గట్ల వెంట చౌడు తెల్లగా పూసింది. దిగుబడి సగానికి పడింది. మామగారు ఇంకో రెండు సంచుల ఎరువు, ఇంకొంత పొడి వేయించి, "ఈ నేల మొండికేసింది," అనేవారు. చేసిందంతా తాము చేసి మొండితనం నేలకు అంటగట్టారు!

ఐదేళ్ళు నిండగానే చేను అప్పగించారు. పనికిరానిది తిరిగి ఇవ్వడానికి ఎవరికి కష్టం?

తొలకరికి ఎల్లక్క గుడ్డ పాతింది. నలభయ్యో రోజు నన్ను పిలుచుకుపోయింది. "రామ్మా, నీవూ చూద్దువు," అంటూ ముందు నడిచింది. పలుగుతో పెళ్ళగిస్తే మురుగు వాసన కొట్టింది. గుడ్డ నిండుగా పైకి వచ్చింది. అంచు మీది పచ్చగళ్ళు కూడా చెదరలేదు. ఎల్లక్క పక్కన ఇంకోచోట తవ్వింది. మరోచోట తవ్వింది. గడ్డలు చేత్తో చిదిపి చూసింది. ఒక్క ఎర్ర కూడా లేదు.

"ఎవురూ లేరమ్మా," అంది, ఇల్లు ఖాళీ అయినట్టు.

ఆ తడిగుడ్డ పట్టుకుని పంపాపతిని వెంటబెట్టుకుని మా వరండాకు వచ్చింది.

"ఇదో చూడప్పా. నీ మాట యాడుండాది?"

మామగారు గుడ్డను తాకలేదు. "పొడి చల్లింది ఎవరు? నీ చేను, నీ చెయ్యి. నన్నంటావేంటి? ఎప్పుడో సరదాకి అన్నదానికి, గుడ్డముక్క చూసి రెండెకరాలు రాసిస్తారా ఎవరన్నా?"

అక్కా అన్న పిలుపు ఎటు పోయిందో పోయింది. ఎల్లక్క పంపాపతి వైపు చూసింది. ఆ ఏడే ఆయన పొలం కూడా మామగారి కౌలుకు వచ్చింది. ఆయన తలపాగా సర్దుకుని, "నాకేం గుర్తు లేదు ఎల్లక్కా," అన్నాడు.

నాకు గుర్తుంది. మట్టి కళ్ళకద్దుకున్నది కూడా గుర్తుంది. గడప లోపల నిలబడి నోరు మూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను అంటే అబద్ధం. భయపడ్డాను, అంతే.

ఆమె మామగారితో ఇంక వాదించలేదు. గడప దగ్గరికి వచ్చి గుడ్డను నా చేతిలో పెట్టింది.

"ఆయప్పకు భూమి ఆశ. పంపాపతికి భయం. నిన్నడిగింటి గదమ్మా, ఆ సంచి మీద ఏం రాసుండాదని. సదువొచ్చినదానివని నిన్నే అడిగింటి."

నేను పిలిచేలోపే మెట్లు దిగింది. ఆ వారంలోనే సంగనకల్లు గుట్ట దగ్గర కంకర కొట్టే పనికి వెళ్ళిపోయింది. మూట నెత్తిన పెట్టుకుని, దగ్గరి దారి తన చేను మీదుగానే ఉన్నా, చుట్టు తిరిగి రోడ్డెక్కిందట.