వెనక కాళ్లు లేని కుర్చీ

దగ్గరగా జరిగి కూర్చోండి. ఈ బకెట్ అడ్డమైతే పక్కకు తోసేయండి గానీ నీళ్లు పారబోయకండి, అందులో పేము నానుతోంది. తొలివానకు తడిసిన గడ్డివాములాంటి ఈ వాసన తగిలితే చాలు, విజయనగరంలో మా నాన్న గుమ్మం ముందు మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనైపోతాను.

మా నాన్న కుర్చీలకు పేము అల్లేవాడు. పైడితల్లమ్మ పండగకు చుట్టాలు దిగుతారని ఊళ్లో చిరిగిన కుర్చీలన్నీ ముందే మా వీధికి చేరేవి. బూరెల పప్పు రుబ్బుతున్న అమ్మ మధ్యమధ్య చెయ్యి కడుక్కొని తడి పేము అందించేది, మేము పిల్లలం తెగిన ముక్కలను చక్రాలుగా చుట్టి వీధి చివరిదాకా దొర్లించేవాళ్లం. నాన్నకు ఒక్కటే నియమం. ఎవరి కుర్చీలోనైనా ముందు వాళ్లే కూర్చోవాలి, అల్లినవాళ్లు కూర్చోకూడదు.

ఒక ఏడు వకీలుగారింటి నుంచి రిక్షాలో ఒక కుర్చీ వచ్చింది. మెరిసే ఇనుప గొట్టాన్ని వంచి చేశారు. ముందు రెండు కాళ్లూ కిందికి దిగి, నేలమీదే వెనక్కి పాకి ఊరుకున్నాయి. వెనక కాళ్లే లేవు.

ఎదురింటి అప్పలస్వామి మావ చుట్ట తీసి అడిగాడు. "ఏటి బావా, ఎనక కాళ్లు ఎవులట్టుకుపోనారు?"

నాన్న నవ్వలేదు. నాలుగు రోజులు వంచిన నడుం ఎత్తకుండా తేనెపట్టులాంటి అల్లిక అల్లాడు. తీరా చేత్తో నొక్కి చూస్తే కుర్చీ ఊగింది. అందులో కూర్చునేది వకీలుగారి ముసలి తల్లి.

"పెద్దమ్మగోరు పడిపోతే మన సేతికి మళ్లీ ఎవులైనా కుర్సీ ఇస్తారేటే?" అని అమ్మతో అని, వెనక రెండు టేకు చెక్కలు పోటు పెట్టి, వాటినీ పేముతో ముచ్చటగా కట్టాడు.

అప్పగించడానికి నేనూ వెంట వెళ్లాను. పెద్దమ్మగారు కూర్చున్నారు. లేవబోయారు, మోకాళ్లు సహకరించలేదు. రెండోసారీ అంతే.

"ఒరే, దీన్ని బిగదీసి సంపేసినావురా. ఇది నన్ను లేపే కుర్సీ."

"పడిపోతారనుకున్నానమ్మా," అన్నాడు నాన్న తల దించుకొని.

"నువ్వు కూకుని సూసినావా?"

"మీది కదమ్మా. మేం కూకోం."

"ఇప్పుడు కూకో."

నాన్న కట్లు కోసి, చెక్కలు తీసి, పంచె దులుపుకొని కూర్చున్నాడు. కుర్చీ కొంచెం దిగి, ఆయన లేవబోగానే వీపు మీద చెయ్యేసినట్టు పైకి లేపింది. లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. నాన్న మొహంలో అంత నవ్వు నేను ఎన్నడూ చూడలేదు.

"సాల్లే, లెగు," అన్నారావిడ. తాను కూర్చొని, ఎవరి చేయీ పట్టకుండా లేచి, అల్లికను అరచేత్తో నిమిరారు. "కుర్సీ నాది, అల్లిక నీది. ఊరంతా సెప్తాను."

చెప్పారు కూడా. ఆ తప్పును నాన్న కూడా ఊరంతా గర్వంగా చెప్పుకున్నాడు. మా ఇంట నియమం మాత్రం తిరగబడింది. అల్లినవాళ్లే ముందు కూర్చోవాలి.

ఇప్పుడా వీధి నిండా సెల్‌ఫోన్ దుకాణాలు. పేము మోపుల బండి రాదు. అల్లే ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు. నిన్న వకీలుగారి మునిమనవరాలు ఆ కుర్చీనే ఆటోలో నా దగ్గరకు తెచ్చింది, పిల్లవాడు ఎక్కి తొక్కితే చిరిగిందట. బొబ్బిలి దాకా తిరిగినా అల్లేవారు దొరకలేదట. అంటే నాన్న అల్లిక ఇన్నేళ్లు నిలిచిందన్నమాట. నాకు అక్షరాలు సరిగా రావు గానీ, నాన్న పక్కన కూర్చుని నేర్చిన ఆ పని ఈ వేళ్లు మరిచిపోలేదు. అల్లడం అయ్యాక ముందు నేనే కూర్చుంటాను.

మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ ఇంటి పెద్దలు హాయిగా కూర్చోవాలి, ఒకరి చేయి అడగకుండా లేవాలి.