పగడపు గోడకు సిమెంటు

జెద్దా పాతబస్తీలో, పగడపు రాళ్ల వరసల మధ్య కలప దూలాలు పరిచి కట్టిన పాత ఇంటికి మరమ్మతు చేస్తున్నాం. సౌదీ వాళ్లకే ఉద్యోగాలనే నితాఖత్ పేరుతో మాలాంటి వలస కూలీలను తగ్గిస్తున్న రోజులవి. మనవైపు నుంచే వచ్చిన ఫోర్‌మన్ గోడలకు సిమెంటు పూయమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇది సముద్రపు రాయి, సిమెంటు పూస్తే లోపలి ఉప్పు బయటికి రాదు సార్, రాయిని తింటది. సున్నమే పూయాలె."

"బడికి పోనోడివి, నాకే చెప్తవా? ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్త!"

ఇంటి యజమానే మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్. ఆయన్ను పిలిచి, ఎప్పుడో ఎవరో సిమెంటు పూసిన మూలలో పెచ్చు ఊడగొట్టాను. వెనక రాయి పిండిలా రాలింది. ఆయన దాన్ని అరచేతిలో నలిపి చూశాడు.

"సున్నం తెప్పించు," అన్నాడు ఫోర్‌మన్‌తో. "ఇతని ఇఖామా రెన్యువల్‌కు పంపించు."

ఇఖామా ఉంటే ఈ దేశంలో ఉండి పని చేసుకోవచ్చు. ఆ రోజు సున్నం తడుపుతూ హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.