సంబంధం లేని మాట

మా అక్కకు చూపు లేదు. చిట్యాల దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతుంది. కంప్యూటర్ తెర మీది అక్షరాలను పైకి చదివే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని వింటూనే పాఠం తయారుచేసుకుంటుంది. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా దాన్ని నడుపుతారు.

దాని కొత్త వెర్షన్ వచ్చింది, తెలుగు వాక్యం దగ్గర దాని నోరు పడిపోయింది. ఇంగ్లీషు మాత్రం గడగడా చదువుతుంది. హెడ్మాస్టర్ కొన్నాళ్లు ఓపిక పట్టాడు. ఇది బాగుపడకపోతే పదో తరగతి వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుందన్నాడు. పదో తరగతి అంటే అక్కకు ప్రాణం.

నేను భూపాలపల్లిలో కంప్యూటర్ల పనే చేస్తాను. ఆ ప్రోగ్రాం కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి కూర్చుని తప్పు పట్టుకున్నాను. నాలుగు వరుసలు మారిస్తే అక్క ల్యాప్‌టాప్‌లో తెలుగు మళ్లీ పలికింది. కానీ పదో తరగతి పనంతా బడి కంప్యూటర్‌లోనే చెయ్యాలి, అందులో బయటివాళ్లు మార్చింది పెట్టనివ్వరు. నా సవరణ అసలు ప్రోగ్రాంలోనే చేరాలి, చేరాలంటే అక్కడి పెద్దలు చూసి సరేననాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో, కింద అందరూ వ్యాఖ్యలు రాసే పేజీలో పెట్టాను.

ఒకాయన కోడ్ వరుసల ముందు వదిలే ఖాళీలు సరిగ్గా లేవన్నాడు. సరిచేశాను. ఇంకొకాయన రెండు ముక్కలు చేసి పంపమన్నాడు. చేశాను. మొదటాయన మళ్లీ వచ్చి ముక్కలెందుకు చేశావన్నాడు. ఉద్యోగాలు, ఇళ్లు చూసుకోగా మిగిలిన వేళలో చేసే పని అది, నాకూ తెలుసు. ఊరికే చేస్తున్నామన్న మాటను ఎంతకాలం అడ్డం పెట్టుకుంటారు? ఒళ్లు మండిపోయేది. అయినా ప్రతిసారీ కింద ధన్యవాదాలు అని రాసేవాణ్ణి.

చివరికి ఒకరు అడిగారు, తెలుగులో దీన్ని నిజంగా వాడేవాళ్లున్నారా అని. అక్కకు చెబితే తానే రాస్తానంది. ఆదివారం బస్సెక్కి మా క్వార్టర్‌కు వచ్చి, తానెవరో, ఏ తరగతి పోయేలా ఉందో ఇంగ్లీషులో రాసింది. చివర ఒక తెలుగు వాక్యం పెట్టి, దీన్ని మీ ప్రోగ్రాంతో చదివించి చూడండి అంది.

మళ్లీ ఆదివారం జవాబు వినడానికి వచ్చింది. జవాబు లేదు. తను రాసింది కూడా దొరకలేదు. వెతగ్గా వెతగ్గా ఆ ప్రోగ్రామే ఇంగ్లీషులో, చాలా స్పష్టంగా చదివింది: ఈ వ్యాఖ్యను దాచాము, విషయానికి సంబంధం లేదు. అడిగినదానికే కదా ఆమె చెప్పింది! అక్క అదే మీట నొక్కి ఇంకోసారి వింది.

"గది సదివేది నాకోసమే గద తమ్మీ," అంది. "నాకే సంబంధం లేదంటే ఇంకెవలకున్నట్టు?"

ఆ పేజీలో తిట్లు రాయబోయి ఆగాను. అవి రాసినా దాచేస్తారు.

మర్నాడు బడికి వెళ్లి, హెడ్మాస్టర్ అడగకముందే అక్క పదో తరగతి వదులుకుంది. నా సవరణ ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది. మొన్న దాని కింద ఎవరో కొత్తాయన రాశాడు, ఖాళీలు ఇంకోసారి చూడమని.